బిఫోర్‌కీ ఆఫ్టర్‌కీ మధ్య

ఆ ఫొటోల్లో మనుషులకి తలలుండవు. మెడ కింద మొదలై బొడ్డు దగ్గర ఆగిపోతారు. ఎడమవైపు ‘బిఫోర్’, కుడివైపు ‘ఆఫ్టర్’, మధ్యలో ఒక తెల్ల గీత. కాస్మెటిక్ సర్జరీ క్లినిక్కుల పేజీలు ఏవి తెరిచినా ఇవే. పుస్తకాల మీదా సినిమాల మీదా అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాసే అలవాటుంది నాకు. దాదాపు ఏడాదిపాటు, రాత్రిళ్ళు మా ఆవిడ నిద్రపోయాక ఈ ఫొటోలు చూస్తూ కూర్చున్నాక, ఇదీ ఒక కథాప్రక్రియే అనిపించింది. దీనికీ కొన్ని నియమాలున్నాయి. బిఫోర్‌లో లైటు నెత్తిమీద నుంచి పడుతుంది, నీడలు ఎక్కువ, భుజాలు వాలిపోయి ఉంటాయి. ఆఫ్టర్‌లో లైటు ఎదురుగా వస్తుంది, భుజాలు వెనక్కి వెళ్తాయి, పాత నైటుప్యాంటు పోయి కొత్త జీన్సు వస్తుంది. మన పాత సినిమాల్లో పరిగెడుతున్న కుర్రాడు ఒక్క కట్‌తో హీరో అయిపోతాడు చూడండి, అదే ఎడిటింగ్. మధ్యలో పదిహేనేళ్ళు ఎలా గడిచాయో ఎవరూ అడగరు.

ఆ తెల్ల గీత ఎంత వెడల్పుంటుందో నాకిప్పుడు తెలుసు. ఆరు నెలల పైచిలుకు. లైపోసక్షన్ చేయించుకుందామనుకునేవాళ్ళు తెలుసుకోవాల్సిందంతా దాదాపు ఆ గీతలోనే ఉంది. క్లినిక్కులు చెప్పవు, చేయించుకున్నవాళ్ళు అసలే చెప్పరు. అందులోనూ మగవాళ్ళు.

నాకు చేసిన ఆపరేషన్ పేరు గైనకోమాస్టియా సర్జరీ. మగవాడి ఛాతీ ఆడవాళ్ళ ఛాతీలా పెరిగితే దాన్ని గైనకోమాస్టియా అంటారు. నాకు సంబంధించి ఈ మాటని 34 ఏళ్ళ వయసులో మొదటిసారి పైకి పలికాను, అదీ డాక్టరు ముందు, తలుపు మూసుందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని. ఈ ఆపరేషన్లో ఎక్కువ పని లైపోసక్షనే, అంటే సన్నటి గొట్టంతో చర్మం కింది కొవ్వు లాగెయ్యడం. మిగతాది చనుమొన వెనకాల గట్టిగా ఉండే గ్రంథిని కోసి తియ్యడం.

మగపిల్లల్లో సగంమందికి పైగా యుక్తవయసు మొదలయ్యేటప్పుడు ఛాతీ కాస్త పొంగుతుంది. హార్మోన్ల తూకం కుదురుకునేదాకా అలా ఉండి, ఆరు నెలల నుంచి రెండేళ్ళలోపు చాలామందికి దానంతటదే పోతుంది. కొందరికి పోదు. ఎనిమిదో తరగతిలో నాకు మొదలైనప్పుడు ముట్టుకుంటే నొప్పిగా ఉండేది. అమ్మ మా ఊరి ఆర్.ఎం.పి. దగ్గరికి తీసుకెళ్ళింది. “వయసండీ, తగ్గిపోద్ది” అన్నాడాయన. లెక్కల ప్రకారం చూస్తే ఆయన చెప్పింది నిజమే. నొప్పి మాత్రం తగ్గిపోయింది.

మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఎండాకాలం వస్తే మా బాబాయి పిల్లలూ మావయ్య పిల్లలూ కలిసి వంతెన మీద నుంచి కాలవలోకి దూకేవాళ్ళు. నేను గట్టు మీద కూర్చుని అందరి చొక్కాలూ చెప్పులూ కాపలా కాసేవాణ్ణి. ఈత రాదని చెప్పేవాణ్ణి. చెప్పీ చెప్పీ, చివరికి నిజంగానే రాకుండా పోయింది. తర్వాత ఇంటర్ రెండేళ్ళు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో. పొద్దున్నే నాలుగున్నరకి తొట్టి దగ్గర నలభైమంది వరసగా స్నానాలు. నేను మూడున్నరకే లేచి, చీకట్లో నాలుగు చెంబులు గుమ్మరించుకుని, తడి బనీను మీదే చొక్కా వేసేసుకుని స్టడీ హాల్లో కూర్చునేవాణ్ణి. లెక్చరర్లు నన్ను చూపించి “అదీ క్రమశిక్షణంటే” అనేవాళ్ళు. ఎంసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. అందులో ఆ గంట వాటా ఎంతో మరి. అక్కడ నాకొక పేరు పెట్టారు, అప్పటి ఒక హీరోయిన్ పేరు. అది ఇక్కడ రాయను. ఆవిడ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తే ఛానెల్ మార్చేస్తాను, పాపం ఆవిడ చేసిందేమీ లేదు.

ఈ సమస్య ఉన్న ప్రతివాడికీ కొన్ని విద్యలు వాటంతటవే వచ్చేస్తాయి. పుస్తకాలు ఛాతీకి హత్తుకుని నడవడం. బ్యాగు ముందుకి వేసుకోవడం. రెండు బనీన్లు. ముదురు రంగు గళ్ళ చొక్కా, ఒక సైజు పెద్దది. రెండు నిమిషాలకోసారి వేళ్ళతో చొక్కాని ముందుకి లాగి వదలడం. అన్నిటికంటే ముఖ్యంగా, కొంచెం వంగి నిలబడడం. ఉద్యోగం వచ్చాక ఆన్‌లైన్లో బిగుతు బనీన్లు తెప్పించడం మొదలుపెట్టాను. ఊపిరి పూర్తిగా ఆడదు గానీ చొక్కా మీద చదునుగా కనిపిస్తుంది. పెళ్ళయ్యాక కూడా చాన్నాళ్ళు వాటిని బీరువాలో ఆఫీసు ఫైళ్ళ వెనక దాచాను.

పెళ్ళంటే గుర్తొచ్చింది. నన్ను పెళ్ళికొడుకుని చేసేటప్పుడు నలుగు పెట్టడానికి ముత్తైదువులంతా వచ్చి నిలబడితే బనీను తియ్యనని మొండికేశాను. జలుబన్నాను. మే నెల. మా పెద్దత్త ఊరుకోలేదు, “ఏం సిగ్గురా, మేం చూడందేముంది” అంటూ బనీను పట్టుకు లాగబోయింది. అమ్మ ఎక్కణ్ణుంచో వచ్చి “వాడికి నిజంగానే జలుబు వదినా, ఉండనివ్వండి” అంది. ఆల్బమ్‌లో పసుపు మరకల బనీనుతో ఉన్నాను.

లావు తగ్గితే అదీ పోతుందని అందరూ అంటారు. రెండేళ్ళపాటు కొండాపూర్ బొటానికల్ గార్డెన్లో పరిగెత్తి 11 కిలోలు తగ్గాను. మొహం లాగేసింది, ప్యాంట్లు వదులయ్యాయి. ఛాతీ అలాగే ఉంది. చుట్టూ ఉన్నది తగ్గడంతో ఇంకా బాగా కనిపించడం మొదలైంది. అప్పుడు వెళ్ళాను డాక్టరు దగ్గరికి.

ఆయన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని చూశారు. “ఇదిగో, మెత్తగా జారుతున్నది కొవ్వు. దీని కింద రబ్బరు బిళ్ళలా తగులుతున్నది గ్లాండ్. కొవ్వు మీరు తగ్గించుకున్నారు. గ్లాండ్ పరిగెడితే పోదు” అన్నారు. ఇరవయ్యేళ్ళ నుంచి నేను వెతుకుతున్నది ఇంత చిన్న వాక్యమా అనిపించింది. వెంటనే ఆపరేషన్ తేదీ ఇచ్చెయ్యలేదు, అందుకే ఆయన మీద గురి కుదిరింది. ముందు థైరాయిడ్, లివర్, టెస్టోస్టెరాన్, ప్రొలాక్టిన్ పరీక్షలు. ఏవైనా మందులు వాడుతున్నారా, జిమ్‌లో ఇంజెక్షన్లు తీసుకున్నారా అని రెండుసార్లు అడిగారు. కొన్ని రకాల మందుల వల్లా, స్టెరాయిడ్ల వల్లా కూడా ఇది వస్తుంది. కారణం అదైతే ముందు దాన్ని ఆపాలి. ఒకవైపే గట్టిగా గడ్డలాగా ఉంటే అది వేరే సంగతి, మగవాళ్ళకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది. ఈ పరీక్షలేవీ లేకుండా మొదటి రోజే అడ్వాన్సు కట్టమనే చోటు నుంచి లేచి వచ్చెయ్యడం మంచిది.

ఇన్సూరెన్స్ రాదు. ప్రతి హెల్త్ పాలసీలోనూ మినహాయింపుల జాబితా ఒకటుంటుంది, దేశమంతటికీ ఒకే నంబర్లు. కాస్మెటిక్ సర్జరీది 08. దాని పైన 06, స్థూలకాయానికి చికిత్స. రోజంతా ఎర్రర్ కోడ్లతో బతికేవాణ్ణి కాబట్టి నా ఇరవయ్యేళ్ళ బాధకి కూడా ఒక కోడ్ ఉందని తెలిసినప్పుడు ఎందుకో కొంచెం తృప్తిగా అనిపించింది. మొత్తం లక్షా ఇరవై వేలు అయింది. బైకు మార్చుదామని దాచుకున్న డబ్బు.

ఇంతకీ లైపోసక్షన్‌లో చేసేదేమిటి? 1920లలో పారిస్‌లో ఒక సర్జన్ ఒక నర్తకి కాళ్ళలో కొవ్వుని గరిటెలాంటి పరికరంతో గీకి తియ్యబోయాడు. రక్తనాళం దెబ్బతిని కాలు తీసెయ్యాల్సి వచ్చింది. దాంతో ఈ ఆలోచనే యాభై ఏళ్ళు వెనక్కిపోయింది. 1970లలో ఇటలీలో ఫిషర్లు, తండ్రీకొడుకులు, గొట్టంతో లాగడం మొదలుపెట్టారు. ఫ్రాన్స్‌లో ఇల్లూజ్ అనే సర్జన్ మొన లేని మొద్దు గొట్టం వాడి దాన్ని కుదురైన పద్ధతిగా చేశాడు. అప్పటికీ రక్తం బాగా పోయేది. 1980లలో కాలిఫోర్నియాలో జెఫ్రీ క్లైన్ అనే చర్మవైద్యుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. సెలైన్‌లో కొద్దిగా మత్తుమందు లిగ్నోకెయిన్, ఇంకా కొద్దిగా అడ్రినలిన్ కలిపి, ఆ నీళ్ళని కొవ్వులోకి బాగా ఎక్కిస్తారు. అడ్రినలిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుంటాయి, కొవ్వు పొంగి బిరుసెక్కుతుంది. అప్పుడు మూడు నాలుగు మిల్లీమీటర్ల గొట్టం లోపలికి పంపి ముందుకీ వెనక్కీ ఆడిస్తూ లాగుతారు. వీడియోలు చూశాను. అంత సుకుమారంగా ఏమీ ఉండదు. మా ఊళ్ళో బోరింగు కొట్టేవాళ్ళ చెయ్యిలాగా సర్జన్ చెయ్యి ఆడుతూనే ఉంటుంది. తర్వాత ఒళ్ళంతా ఎందుకంత నొప్పో అది చూస్తే అర్థమవుతుంది. ఆ నీళ్ళలో మందు రక్తంలోకి మెల్లగా ఎక్కుతూ పది పన్నెండు గంటల తర్వాత గరిష్ఠానికి చేరుతుంది. అందుకే ఆ రాత్రి పక్కన ఒక మనిషి ఉండాలి.

నేను సెలవు పెట్టిన సంగతి మా టీములో ఒకాయనకి మాత్రం చెప్పాను. ఆయన వెంటనే తన బొజ్జ చూసుకుని “నేనూ చేయించుకుంటానబ్బా, ఈ వాకింగులెవడు చేస్తాడు” అన్నాడు. చాలామందికున్న ఆశ ఇదే. లైపోసక్షన్ గొట్టం తిరిగేది చర్మానికీ కండరానికీ మధ్య మాత్రమే. మన మగవాళ్ళ బొజ్జలో చాలా భాగం కండరం గోడకి లోపల, పేగుల చుట్టూ ఉంటుంది. అక్కడికి గొట్టం వెళ్ళదు, వెళ్ళకూడదు. పొట్ట మీద చిటికెడు చర్మం పట్టుకుంటే ఎంత వస్తుందో అంతవరకే దానికి హక్కు. మనల్ని రోగాలపాలు చేసేదీ ఆ లోపలి కొవ్వే. 2004లో అమెరికాలో ఒక పరిశోధన వచ్చింది. స్థూలకాయులైన 15 మంది ఆడవాళ్ళకి పొట్ట నుంచి ఒక్కొక్కరికీ సుమారు 10 కిలోల కొవ్వు తీసి, రెండున్నర మూడు నెలల తర్వాత చూశారు. బీపీ మారలేదు, కొలెస్టరాల్ మారలేదు, ఇన్సులిన్ పనితీరు మారలేదు. అదే 10 కిలోలు తిండి తగ్గించి తగ్గితే ఈ మూడూ సాధారణంగా మారతాయి. మామూలుగా ఒక్కసారికి 5 లీటర్లు దాటితేనే దాన్ని పెద్ద లైపోసక్షన్ అంటారు, ప్రమాదమూ దాంతోపాటు పెరుగుతుంది.

తీసిన కొవ్వు మళ్ళీ వస్తుందా అన్నది రెండో ప్రశ్న. పెద్దయ్యాక మన ఒంట్లో కొవ్వు కణాల సంఖ్య ఇంచుమించు స్థిరంగా ఉంటుందట. దీన్ని 2008లో స్వీడన్ పరిశోధకులు తేల్చిన తీరు ఏదో సైన్స్ ఫిక్షన్ కథలా ఉంటుంది. ప్రచ్ఛన్నయుద్ధ కాలపు అణుపరీక్షల వల్ల గాల్లో కలిసిన కార్బన్-14 మనుషుల కణాల్లోకి చేరింది కదా, దాన్ని బట్టి కొవ్వు కణాల సగటు వయసు లెక్కకట్టారు. ఏటా పదోవంతు కణాలు పోతుంటాయి, వాటి చోట్లోకి కొత్తవి వస్తుంటాయి. లైపోసక్షన్‌లో కణాలే పోతాయి కాబట్టి తీసినచోటికి తిరిగి రావడం తక్కువ. కానీ 2011లో కొలరాడోలో తొడల నుంచీ పొత్తికడుపు నుంచీ కొవ్వు తీయించుకున్నవాళ్ళని ఏడాది తర్వాత కొలిస్తే, మొత్తం కొవ్వు మళ్ళీ పాత లెక్కకే వచ్చేసింది. తొడల్లోకి రాలేదు, పై పొట్ట మీదికి వెళ్ళి కూర్చుంది. ఒళ్ళు తన ఖాతా తను రాసుకుంటూనే ఉంటుందన్నమాట.

మా ఆవిడకి ఇవన్నీ చెప్పాను. ఆమె వినీ వినీ ఒక్కటే అడిగింది, “అత్తయ్యకి చెప్పావా?”

అమ్మకి ఏమని చెప్పాలి? రెండు రోజుల ముందు ఫోన్ చేసి “చిన్న ఆపరేషనమ్మా, లైపోసక్షన్ అని” అన్నాను. అవతల టీవీ కట్టేసిన చప్పుడు.

“ఆర్తీ అగర్వాల్ పోయింది దాంతోనే కదరా.”

తెలుగిళ్ళలోకి లైపోసక్షన్ అనే మాట వచ్చిందే ఆ వార్తతో అనుకుంటాను. ‘నువ్వు నాకు నచ్చావ్’లో వెంకటేశ్ పక్కన, ‘ఇంద్ర’లో చిరంజీవి పక్కన నటించిన అమ్మాయి 2015 జూన్ 6న న్యూజెర్సీలో చనిపోయింది. 31 ఏళ్ళు. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందనీ, ఊపిరి సమస్యతో బాధపడిందనీ పత్రికలు రాశాయి. లావైంది, అవకాశాలు తగ్గాయి అని అంతకుముందు ఏళ్ళ తరబడి రాసిందీ ఆ పత్రికలే. అదే ఏడాది చివర్లో ‘సైజ్ జీరో’ వచ్చింది, సన్నబరుస్తామని మోసం చేసే క్లినిక్కుల మీద. అనుష్క ఆ పాత్ర కోసం బరువు పెరిగితే ఎంత సాహసమో అన్నారు. ఒక నటి లావైతే వార్త, ఇంకొక నటి లావైతే నటన. ఆ తర్వాత 2022లో బెంగళూరులో 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి ఒకామె కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది.

నేను అమ్మకి అంకెలు చెప్పబోయాను. 1990ల నాటి ఆపరేషన్ల మీద అమెరికా సర్జన్లని అడిగి చేసిన ఒక సర్వేలో సుమారు 5,000 మందికి ఒకరు చనిపోయినట్టు తేలింది, ఎక్కువగా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి. ఆ తర్వాతి సర్వేల్లో అది బాగా తగ్గింది. నాది చిన్న భాగం, అర లీటరు కూడా ఉండదు, అనీ. అమ్మ అంకెలు వినలేదు. కాసేపాగి అడిగింది.

“ఛాతీకేనా?”

ఎక్కడికో నేనింకా చెప్పలేదు.

“నీకెలా తెలుసమ్మా?”

“తొమ్మిదో తరగతి నుంచి నీ చొక్కాలన్నీ ఎవరు కొన్నార్రా? ముదురు రంగువి, గళ్ళవి, ఒక సైజు పెద్దవి. తణుకులో ఆ కొట్టువాడు ఎప్పుడూ తిట్టేవాడు, మీ వాడికి ఇది లూజవుద్దండి అని.”

నేనేమో అన్నాళ్ళూ అది పొదుపనుకున్నాను, ఎదిగే పిల్లాడికి రెండేళ్ళు వస్తాయని. మరి ఎప్పుడూ అడగలేదేం అన్నాను. “ఏమని అడగనురా, మగపిల్లాణ్ణి” అంది. తర్వాత నాన్నకి హెర్నియా అని చెప్పమంది. ఆపరేషన్ ముందురోజు పొద్దున బస్సు దిగింది, సంచీలో నా పాత మెత్తటి లుంగీలు రెండూ, పప్పుచారు పొడీ పెట్టుకుని.

ఆపరేషన్ రోజు గుర్తున్నది మార్కర్ పెన్ను. కొవ్వు పడుకుంటే పక్కలకి జారిపోతుంది కాబట్టి నిలబెట్టే గీస్తారు. చొక్కా లేకుండా ట్యూబ్‌లైటు కింద నిలబడితే డాక్టరు వృత్తంలో వృత్తం గీస్తూ పోయారు, సోషల్ పుస్తకంలో కొండల మ్యాపులాగా. డాక్టరూ నర్సూ ఇద్దరు వార్డుబాయిలూ ఉన్నారు గదిలో. అంత వెలుతురులో అంతమంది ముందు అలా నిలబడడం నా జీవితంలో అదే మొదటిసారి. ఎవరికీ అక్కర్లేదు. ఒక వార్డుబాయి డ్యూటీ మారే టైమెంతని అడుగుతున్నాడు.

లేచేసరికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఇక్కణ్ణుంచి తెల్ల గీత మొదలు. మొదటి రాత్రి గాట్ల నుంచి పల్చటి ఎర్రనీళ్ళు కారి దుప్పటంతా తడిసిపోయింది. అమ్మ భయపడిపోయి నర్సుని పిలిచింది. ఎక్కించిన నీళ్ళే బయటికొస్తున్నాయి, రావాలి కూడా. డాక్టరు ఫోన్లో ఫొటో చూపించారు. సీసాలో 420 మిల్లీలీటర్లు, పైన పచ్చగా వెన్న కాచే ముందు ఉండే రంగు, అడుగున ఎర్రటి నీళ్ళు. పక్కన గిన్నెలో రెండు గ్రంథులు, ఉసిరికాయలంత. ఇరవయ్యేళ్ళు ఈ రెంటి కోసమా అనుకున్నాను. రెండు రోజుల తర్వాత బరువు చూసుకుంటే ఒకటిన్నర కిలో పెరిగాను. అంతా నీరు.

నొప్పి భరించలేనంత ఏమీ ఉండదు. జిమ్‌లో మొదటి రోజు అతిగా చేస్తే మర్నాడు ఎలా ఉంటుందో దానికి నాలుగింతలు. కమిలిన చోట ముందు ఊదా, తర్వాత ఆకుపచ్చ, తర్వాత పసుపు, ఆ రంగులు రోజుకింత కిందికి జారి నడుము దాకా వచ్చాయి. పడుకోవడం వెల్లకిలానే. చేతులు పైకెత్తకూడదు కాబట్టి తల మా ఆవిడే దువ్వేది. ఇక ప్రెషర్ గార్మెంట్. బిగుతు బనీనే, ముందువైపు వరసగా కొక్కేలు. మూడు వారాలు రాత్రీ పగలూ, తర్వాత ఇంకో మూడు వారాలు పగలు. పదేళ్ళు దొంగచాటుగా వేసుకున్నదాన్ని ఇప్పుడు ప్రిస్క్రిప్షన్ మీద, అమ్మా మా ఆవిడా చెరోవైపు పట్టుకుని కొక్కేలు పెడుతుంటే వేసుకున్నాను. ఒకటి ఉతికితే ఇంకొకటి కావాలి, రెండు కొనుక్కోండి. ఎండాకాలంలో మాత్రం ఈ ఆపరేషన్ పెట్టుకోకండి.

ఆఫీసులో “చిన్న ప్రొసీజర్” అన్నాను. అందరూ మొలలనుకున్నారు. ముగ్గురు విడివిడిగా ఆయుర్వేదం మందులు పంపించారు. నేను కాదనలేదు, మొలలే నయమనిపించింది.

అన్నిటికంటే కష్టమైంది మూడో వారం. వాపు దిగిందనుకుంటే మళ్ళీ ఎక్కింది. అద్దంలో ముందుకంటే పెద్దగా కనిపించింది, లోపల గట్టిగా ఉండలు తగిలాయి. ఎడమవైపు నీరు చేరితే సిరంజితో తీశారు. సీరోమా అంటారు, కొందరికి వస్తుంది. ఆ వారం రాత్రిళ్ళు మళ్ళీ బిఫోర్-ఆఫ్టర్ ఫొటోలు చూడ్డం మొదలుపెట్టాను, మూడో వారం ఫొటో ఒక్కటైనా ఎక్కడైనా ఉందేమోనని. లేదు. డాక్టరు మాత్రం మూడు నెలలదాకా అద్దాన్ని నమ్మొద్దు, ఆరు నెలల తర్వాత మాట్లాడదాం అన్నారు. స్పర్శ పోవడం ఇంకో వింత. చనుమొనల చుట్టూ తిమ్మిరి, లోపల ఎక్కడో దురద. దురద తెలుస్తుంది, గోకితే గోకినట్టు తెలీదు. ఎక్కడ గోకాలో వెతుక్కుంటూ స్టాండప్ మీటింగుల్లో కెమెరా ఆపేసి కూర్చునేవాణ్ణి.

బెడ్ మీద ఉన్న రోజుల్లో చదివినవాటిలో ఒకటి నన్ను వదల్లేదు. ఏడో శతాబ్దంలో పాల్ ఆఫ్ ఏజినా అనే గ్రీకు వైద్యుడు మగవాళ్ళ ఛాతీ తగ్గించే ఆపరేషన్ గురించి రాశాడు. ఎలా కొయ్యాలో, కొవ్వు ఎలా తియ్యాలో, ఎలా కుట్టాలో. ఎందుకు చెయ్యాలో కూడా చెప్పాడు. ఆడతనమనే నింద వస్తుంది కాబట్టి చెయ్యడం సబబేనట. పదమూడు వందల ఏళ్ళ తర్వాత కూడా నా దగ్గర అంతకంటే మెరుగైన కారణం లేదు. రోగమేమీ లేదు, బయాప్సీ రిపోర్టులో కూడా అదే ఉంది. ఉన్న ఒళ్ళుని ఉన్నట్టు ఒప్పుకోవాలనే మాట నాకు తెలుసు, ఆ మాట మీద వచ్చిన పుస్తకాలకి సమీక్షలు కూడా రాశాను, ఇప్పుడు రాసినా అదే రాస్తాను. ఆడవాళ్ళ ఛాతీతో పోల్చడం ఎందుకు తిట్టయింది అన్నది కూడా అసలు అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ ప్రశ్నలన్నీ తెగేదాకా మూడున్నరకి లేచి స్నానం చెయ్యడం నావల్ల కాదు. ఈ రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి పెద్దగా పలకరించుకోవు.

ఆరు నెలలకి చదునుగా అయింది. ఎడమవైపు రూపాయి బిళ్ళంత మేర స్పర్శ ఇంకా రాలేదు, అక్కడే చిన్న సొట్ట. గాటు చనుమొన రంగులో కలిసిపోయింది. క్లినిక్‌లో ఫొటో తీస్తూ ఆ అమ్మాయి “సార్, భుజాలు వెనక్కి” అంది. పెట్టాను. మళ్ళీ వాలిపోయాయి. మళ్ళీ చెప్పింది. నాలుగోసారికి వెనక నుంచి వచ్చి రెండు చేతులతో సర్ది, గబగబా వెళ్ళి క్లిక్ చేసింది. ఫొటోల్లో భుజాలు ఎందుకు మారతాయో అప్పుడర్థమైంది. వంగి నడవడం కొవ్వులో లేదు కదా, గొట్టంతో రాదు. ఇప్పుడు ఫిజియోథెరపీకి వెళ్తున్నాను, వారానికి రెండ్రోజులు. చొక్కా ముందుకి లాగడం కూడా పోలేదు. లాగినప్పుడల్లా మా ఆవిడ “లేదక్కడ” అంటుంది.

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు, భీమవరంలో. హెర్నియా కథ వాడు నమ్మినట్టు లేదు. కాసేపు క్రికెట్టూ అదీ మాట్లాడి, “అన్నా, నా ఫ్రెండ్ ఒకడున్నాడు” అని మొదలుపెట్టాడు. ఆ ఫ్రెండ్‌కి నొప్పి ఎంతుంటుందో, ఎన్ని రోజులు సెలవు కావాలో, డబ్బెంతో అన్నీ చెప్పాను. రెండు గార్మెంట్లు కొనుక్కోమన్నాను, పాత దుప్పటి పెట్టుకోమన్నాను, మూడో వారం సంగతి రెండుసార్లు చెప్పాను. అన్నీ విన్నాడు.

“పెద్దమ్మకి తెలుసా అన్నా?”

“తెలుసు.”

కాసేపు మాట్లాడలేదు. “వాడికి వాళ్ళమ్మకి చెప్పడమే...” అని ఆగిపోయాడు.

“పిన్ని నీకు ఎలాంటి చొక్కాలు కొంటుందిరా?” అన్నాను.

అదేం ప్రశ్న అన్నాడు. నీలం, ఎక్కువగా గళ్ళవి అన్నాడు. వచ్చే శనివారం హైదరాబాదు వస్తానన్నాడు, ఒక్కడే. థైరాయిడ్, లివర్, హార్మోన్ పరీక్షలు అక్కడే చేయించుకుని రిపోర్టులు పట్టుకురమ్మన్నాను. పరగడుపునే వెళ్ళాలని చెప్పాను.